అధోజ్ఞాపికలో ఎవరున్నారు?

పరిశోధన గ్రంథాల మీద మన పత్రికలలో నిజమైన విమర్శ రావడం అరుదు. కవితా సంపుటి వస్తే నలుగురు మెచ్చుకుంటారు, నవల వస్తే ఇద్దరైనా తిడతారు, పిహెచ్.డి. పట్టం తెచ్చిన సిద్ధాంత వ్యాసం అచ్చయితే ఒక అభినందన సభ జరిగి ఊరుకుంటుంది. ఆ గ్రంథం పుటల అడుగున ఉన్న సన్నటి పంక్తులను పట్టుకొని, ఇవి ఎక్కడికి దారి తీస్తున్నవి అని అడిగిన వ్యాసాలు నా కంట పడినవి బహు కొద్ది. రచనకు విలువ కట్టడం విమర్శకుని పని అయితే, ఆ రచన దేని మీద నిలబడి ఉన్నదో తడిమి చూడడం ఆ పనిలో భాగం కాదా? కట్టడాన్ని పొగిడి పునాదిని చూడకపోవడం ఏ మేస్త్రీ చేయడు.

ఈ ప్రశ్నకు నేను నెల్లూరు సీమను ఆధారం చేసుకుంటున్నాను. పరిశోధకునికి ఎదురయ్యే చిక్కులన్నీ ఇక్కడ ఒక్కచోటనే దొరుకుతవి. తీరాన పాత రేవుల శాసనాలున్నవి. ఆంగ్లేయుల వర్తక స్థావరం కథ ఉన్నది. మెట్టలో పశువుల కాపరుల వీరగాథలున్నవి. మన కళ్లముందే నడిచిన సారా వ్యతిరేకోద్యమం ఉన్నది. పైగా, ఆధారాల వేట అంటే ఏమిటో ఏ పట్టమూ లేకుండా చేసి చూపిన మనిషి కూడ ఇక్కడివాడే.

ఆయన బంగోరె. అసలు పేరు బండి గోపాలరెడ్డి. 1938లో పుట్టి 1982లో అకాల మరణం చెందినాడు. నెల్లూరు వారపత్రిక 'జమీన్ రైతు'లో పనిచేసిన పాత్రికేయుడు. 1969లో ఆయన 'మొట్టమొదటి కన్యాశుల్కం' అచ్చు వేశాడు. దాని ప్రాముఖ్యం నేటి పరిశోధక విద్యార్థికి విడమరచి చెప్పవలసి ఉన్నది. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైనది. 1897లో మొదటి కూర్పు అచ్చయినది. 1909లో రెండవ కూర్పు వచ్చినది. రెండవది మొదటిదానికి కొద్ది దిద్దుబాట్లతో వచ్చిన పునర్ముద్రణ కాదు, పెరిగి, మారి, దాదాపు మరొక నాటకమైనది. మొదటి కూర్పులో మధురవాణి చాలా చిన్న పాత్ర. మనం ఎరిగిన మధురవాణి రెండవ కూర్పులోనే పూర్తి ఆకారం దాల్చింది. లోకం చదివినది, ఆడినది, పాఠ్యగ్రంథంగా పెట్టినది రెండవదాన్ని. మొదటిది సామాన్య పాఠకుని చేతికి అందేది కాదు. బంగోరె దాన్ని వెలికి తీసి మళ్లీ అచ్చులో నిలబెట్టాడు.

ఇది జరిగి అర్ధ శతాబ్దం దాటింది. అయినా ఈనాటికీ సిద్ధాంత వ్యాసాల గ్రంథసూచులలో 'గురజాడ అప్పారావు, కన్యాశుల్కం, 1897' అన్న పంక్తి నాకు తరుచుగా కనిపిస్తుంది. పైన ఉదాహరించిన సంభాషణలు చూస్తే 1909 నాటివి. వాటిని తీసుకున్నది ఇటీవలి ఏదో పునర్ముద్రణ నుంచి. మూడు వేరు వేరు వస్తువులను ఒక్క పంక్తిలో కుదించినారన్నమాట. ఇది గుమాస్తా పొరపాటు వంటిదేలే అని కొందరు పర్యవేక్షకులు అనుకోవచ్చు, నేను అనుకోను. 1897 నాటి సంఘం వేశ్యను గురించి ఏమి తలచినదో చెప్పడానికి 1909 నాటి మాటలను సాక్ష్యానికి పిలిచినప్పుడు, తప్పు అడుగు పంక్తిలో ఆగదు. అది పైకి పాకి వాదాన్నే తినివేస్తుంది. ఆ పన్నెండేళ్లలో గురజాడ మనసులో ఏమి మారినదో, ఎందుకు మారినదో అడిగే అవకాశం కూడ పోతుంది. ఏ కూర్పు, ఏ ముద్రణ, ఏ పుట అని చెప్పడంలో ఇంత ఉన్నది.

బంగోరె రెండవ పని సి.పి. బ్రౌన్ కాగితాలు. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో బ్రౌన్ వదలిపోయిన లేఖల సంపుటాలను ఆయన ఏళ్ల తరబడి చదివాడు. తరువాత తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన, బ్రౌన్ తన సాహిత్య జీవితాన్ని గురించి తానే రాసుకున్న ఆంగ్ల రచనను 1978లో టిప్పణులతో ప్రచురించాడు. బ్రౌన్ తెలుగుకు చేసిన సేవను గురించి ఉపన్యాసాలు ఇచ్చినవారు అంతకుముందూ చాలామంది ఉన్నారు. భాండాగారంలో కూర్చుని ఆ దస్తూరీతో కుస్తీ పట్టి, ఈ మాట ఈ లేఖలో ఉన్నది అని చూపినవారు మాత్రం వేళ్ల మీద లెక్క. వారిలో ముందు వరుసవాడు నెల్లూరులో ఒక వారపత్రిక బల్ల ముందు కూర్చుని పనిచేసినవాడు కావడం మన విశ్వవిద్యాలయాలు కొంచెం ఆలోచించవలసిన సంగతి. ఆ మాటకొస్తే, గురజాడ మీద 'మహోదయం' వంటి గ్రంథాన్ని అదే 1969లో వెలువరించిన కె.వి. రమణారెడ్డి కూడ కావలి జవహర్ భారతిలో అధ్యాపకుడే. మహానగరం గ్రంథాలయం పక్కన లేకపోవడం నిజమైన ఇబ్బందే. అది సాకుగా మారనవసరం లేదని వీరిద్దరూ రుజువు చేసినారు.

ఇక తీరానికి పోదాం. దుగరాజపట్నాన్ని ఆంగ్లేయులు ఆర్మగాన్ అన్నారు. 1626 ప్రాంతాన ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. దానికి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేల కౌలు సంపాదించాడు. 1640లో స్థావరం మద్రాసుకు తరలిపోయింది. ఈ పేరు ఎలా వచ్చిందంటే, ఆర్ముగం ముదలియారు అనే స్థానికుడు ఆంగ్లేయులకు సాయపడినాడనీ, కృతజ్ఞతగా వారు ఆ స్థావరానికి ఆయన పేరు పెట్టినారనీ ఒక కథ ఉన్నది. గెజెటీరులకు ఎక్కింది, జిల్లా చరిత్రలకు ఎక్కింది, విహార దర్శినులకు కూడ ఎక్కింది.

కథ నిజమా అబద్ధమా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. దానికి సాక్షి ఎవరు అన్నది ప్రశ్న. ఇటీవలి పుస్తకం దాని ముందటి పుస్తకాన్ని చూపుతుంది. అది గెజెటీరును చూపుతుంది. గెజెటీరు వెనుక జిల్లా మాన్యువలు ఉంటుంది. బాస్వెల్ కలెక్టరు రాసిన నెల్లూరు జిల్లా మాన్యువలు అచ్చయినది 1873లో, అంటే స్థావరం పెట్టిన రెండువందల నలభై ఏళ్లకు పైబడిన తరువాత. పదిహేడవ శతాబ్దపు కంపెనీ ఉత్తరాలను విలియం ఫాస్టర్ పరిష్కరించి, భారతదేశంలో ఆంగ్లేయుల వర్తక స్థావరాల పేరుతో 1906 నుంచి సంపుటాలుగా ప్రకటించినాడు. ఆర్మగాన్ మీద పుట రాసే విద్యార్థి మొట్టమొదట తెరవవలసినవి అవి. అక్కడ ఆ పేరుకు కారణం కనిపిస్తే సమకాలిక సాక్ష్యం దొరికినట్లు. కనిపించకపోతే, 'ఇది స్థానికంగా వినవచ్చే కథ, మాకు తెలిసిన సాక్ష్యం ఫలానా గ్రంథం దగ్గర ఆగుతున్నది' అని రాయాలి. అలా రాసినందువల్ల పరీక్షకుడు మార్కులు తగ్గిస్తాడన్న భయం విద్యార్థులలో ఉన్నది. తగ్గించే పరీక్షకుడుంటే సిగ్గుపడవలసినది అతడు.

పదిమంది ఒకే మాట చెప్పినారంటే పదిమంది సాక్షులున్నట్లు మనకు తోస్తుంది. ఒకరు చెప్పగా తొమ్మిదిమంది విన్నారేమో అన్న అనుమానం రావడమే పరిశోధనకు మొదటి మెట్టు. గ్రంథసూచిలో రెండువందల పేర్లు ఉండి, అవన్నీ ఒక్క మాన్యువలు నీడలోనే నిలబడి ఉంటే, ఆ రెండువందలూ ఒక్కటే.

శాసనాల దగ్గర ఈ గొలుసు మరింత చిక్కనిది. నెల్లూరు జిల్లా తామ్ర, శిలాశాసనాలను బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి కలిసి సేకరించి 1905లో మూడు భాగాలుగా ప్రచురించినారు. మూలపాఠమూ, ఆంగ్లానువాదమూ ఇచ్చినారు. 1919లో వి. రంగాచార్య మద్రాసు ప్రెసిడెన్సీ శాసనాలన్నింటికీ స్థలక్రమ పట్టిక తయారుచేసినప్పుడు వీటి సారాంశాలు కూడ అందులో చేరినవి. పట్టికలోని రెండు పంక్తుల సారాంశాన్ని చదివి 'శాసనం ఇలా చెబుతున్నది' అని రాయడం మన అలవాటు. శాసనం చెప్పలేదు; రంగాచార్య చెప్పినారు. మధ్యలో చదివినవాని కన్ను, అనువదించినవాని భాష, కుదించినవాని అభిరుచి ఉన్నవి. కృష్ణపట్నానికి శాసనాలలో కొల్లితురై అన్న పేరు ఉన్నది. గండగోపాలపట్టణమని మరో పేరు. దక్షిణ నెల్లూరులో ఇటువంటి శాసనాలు చాలావరకు తమిళంలో ఉన్నవి. తెలుగు పరిశోధకుడు తమిళం చదవలేకపోతే అది నేరం కాదు. చదవలేనని, ఆంగ్లానువాదం మీద ఆధారపడినానని ఒక్క ముక్క రాయకపోవడమే నేరం. ఇంకొక చిన్న మాట. వాడుకలో ఈ సంపుటాలకు బటర్‌వర్త్ పేరు ఒక్కటే మిగిలి, వేణుగోపాల చెట్టి జారిపోవడం కద్దు. దొరగారి పేరు గుర్తుండి పక్కనున్న మనవాని పేరు జారిపోయే అలవాటు పరాయి ప్రభుత్వంతో పోవలసినది, పోలేదు.

తాలూకాల సంగతి కూడ చెప్పాలి. 1905 నాటి సంపుటాలు తాలూకాల వారీగా నడుస్తవి. అప్పటి నెల్లూరు జిల్లా వేరు. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలో చేరినా, శాసనాల సేకరణ పాత ఎల్లల ప్రకారం జరిగింది. 1970లో కందుకూరు కొత్త ఒంగోలు జిల్లాకు పోయింది, ఆ జిల్లాకే తరువాత ప్రకాశం పేరు వచ్చింది. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరుకు వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో పడినవి. జిల్లాల ఎల్లలు ప్రభుత్వాలు ఉన్నంత కాలం కదులుతూనే ఉంటవి. కనుక 'నెల్లూరు జిల్లా శాసనం' అని మాత్రం రాస్తే పాతికేళ్ల తరువాత చదివేవాడు ఏ ఊరికి పోవాలి? ఊరు, సంపుటిలోని తాలూకా సంఖ్య, రాయి ఇప్పుడు ఏ గుడి ఏ గోడ దగ్గర ఉన్నదో — ఇవి రాస్తే మరొకడు పోయి చూడగలడు. పాత కాగితాలకూ ఇదే లెక్క. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోది. కనుక రెవిన్యూ దస్త్రాల కోసం మొదట వెదకవలసినది చెన్నై ఎగ్మూరు దస్త్రాలయంలో. పాత పత్రికల కోసమైతే రైలెక్కి ఒంగోలు దాటి వేటపాలెంలో దిగాలి. 1918లో పుట్టిన సారస్వత నికేతనం అక్కడ ఉన్నది.

ఇంతవరకు చెప్పినది శ్రద్ధకు సంబంధించిన విషయం. ఇప్పుడు వర్గానికి సంబంధించిన విషయానికి వస్తున్నాను. మన వంటి పత్రికకు అసలు పట్టవలసినది ఇది.

పదమూడవ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికీ, పశువుల మందలతో వచ్చిన కాటమరాజుకూ పుల్లరి దగ్గర తగవు వచ్చింది. పంచలింగాల దగ్గర యుద్ధం. మనుమసిద్ధి పక్షాన ఖడ్గ తిక్కన పోరాడి మరణించినాడు. ఈ కథకు మనకు రెండు రకాల ఆధారాలున్నవి. ఒకటి, ఖడ్గ తిక్కన యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికి వస్తే తల్లీ, భార్యా ఎలా ఎత్తిపొడిచినారో చెప్పే చాటుపద్యాలు. ఎవరు రాసినారో తెలియదు, ఎప్పుడు రాసినారో తెలియదు. రెండు, కొమ్మువారు గొల్లల ముంగిళ్లలో పాడుతూ వచ్చిన కాటమరాజు కథలు. వీటిని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించగా 1970ల దశకంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి రెండు సంపుటాలుగా అచ్చువేసింది.

రెండూ నోటి మాటలే. రెండింటికీ కర్త, కాలం నిశ్చయంగా లేవు. అయినా మన కవిచరిత్రలలో చాటుపద్యం 'చరిత్ర' అయింది. గొల్లల పాట 'కట్టుకథ' అయింది. ఎందుకని? ఒకటి వృత్తంలో ఉన్నది, పండితుని నాలుక మీద ఉన్నది. రెండవది ద్విపదలోనూ వచనంలోనూ ఉన్నది, పశువుల కాపరి నాలుక మీద ఉన్నది. ఛందస్సు సాక్ష్యమైపోయింది! దీనిని మించిన అశాస్త్రీయత ఏమున్నది? పుల్లరి తగవులో మందలవారి పక్షం ఏమని చెబుతున్నదో వినకుండా కొలువువారి పక్షం మాత్రం విని తీర్పు ఇచ్చేవాడిని న్యాయమూర్తి అనరు. చరిత్రకారుడు అని మాత్రం అన్నాం.

అలాగని పాటలోని ప్రతి మాటా నిజమని నేను అనడం లేదు. అభ్యుదయం పేరున అలా అనేవారూ కొందరున్నారు. అది తిరగవేసిన పాత రోగమే. పాట ఎవరు పాడినారు, ఎవరి ముందు, ఏ ఊరిలో, ఎవరు రాసుకున్నారు, ఎప్పుడు — ఈ ప్రశ్నలు పాటను అడగాలి. అవే ప్రశ్నలు చాటువునూ అడగాలి. కవి తిక్కన విషయంలో ఈ పరీక్ష ఎంత ఉపయోగమో చూడండి. ఆయన వంశం గురించి సమకాలికుడైన కేతన దశకుమార చరిత్ర అవతారికలో రాసినాడు. ఆ కావ్యం తిక్కనకే అంకితం. మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లు పోయి గణపతిదేవుని ఒప్పించిన కథ చాలా కాలం తరువాత రాసిన కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. రెండూ పద్యకావ్యాలే, రెండూ పాతవే. సాక్ష్యంగా మాత్రం రెంటి బరువూ ఒకటి కాదు. 'పూర్వగ్రంథాలు చెబుతున్నవి' అని రెండింటినీ ఒకే మూట కట్టడం మన సిద్ధాంత వ్యాసాలలో ఎంత సామాన్యమో చెప్పనక్కరలేదు.

విశ్వవిద్యాలయాలు ఈ మధ్య మేలుకున్నవి, అయితే మరో దిక్కుకు తిరిగి మేలుకున్నవి. 2018లో యు.జి.సి. గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక పదిశాతం లోపల ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా ఉంటే దిద్ది మళ్లీ సమర్పించాలి. అరవై దాటితే నమోదే రద్దు. నిబంధన మంచిదే. దాని ఫలితంగా విద్యార్థి భయం మాత్రం శాతం మీదికి పోయింది. యంత్రం మాటల పోలికను చూస్తుంది. మూలాన్ని చదివినాడా లేదా అన్నది చూడలేదు. ఆంగ్ల వ్యాసంలోని నాలుగు పుటలను తెలుగు చేసి తన పేర పెట్టుకున్నవాడు సామాన్యంగా దానికి దొరకడు. చూడని శాసనాన్ని చూచినట్లు రాసినవాడు అసలే దొరకడు. పైగా మన సిద్ధాంత వ్యాసాలు చాలా కాలం 'అను' వంటి అక్షరరూపాలలో కూర్చినవి. తెర మీద తెలుగే, లోపల సంకేతాలు వేరు. శోధగంగలో చేరిన అటువంటి ప్రతిలో ఒక పేరు కోసం వెదికితే ఏమీ దొరకదు. యంత్రానికి అందనిది సాటి విద్యార్థికీ అందలేదన్నమాట. ఆ విషయం మీద పని జరగలేదనుకొని అతడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరుకుతున్నవి. అది పేద విద్యార్థికి పెన్నిధి. వాటి పేర్లను ఆంగ్లాక్షరాలలో ఎంత వికృతంగా నమోదు చేసినారో వెదికినవారికి తెలుసు. ఒక పుస్తకం కోసం నాలుగైదు వర్ణక్రమాలు ఊహించాలి. ఇటువంటి విద్యను ఏ తరగతిలో చెబుతున్నారు? పరిశోధన పద్ధతుల పత్రంలో నిర్వచనాలు కంఠస్థం చేయించడంతో సరిపోతున్నది.

డబ్బు పుచ్చుకొని పదిరోజులలో వ్యాసం అచ్చువేసే పత్రికల సంగతి ఎత్తితే ఈ వ్యాసం చాలదు. ఇంటిలో మొదటిసారి పై చదువుకు వచ్చిన పిల్ల కూలి డబ్బులో నుంచి ఆ రుసుము కట్టడం నాకు తెలుసు. ఆ పిల్లను తిట్టడం సులభం. ఆమెకు దారి చూపవలసిన పెద్దలు ఆ పత్రికలలోనే తమ పేర్లు చూసుకొని మురుస్తుంటే ఎవరిని తిట్టాలి?

మన శిబిరం మాట కూడ దాచనక్కరలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటి నుంచి మన విమర్శలో 'మార్క్స్ అన్నట్లు', 'గోర్కీ చెప్పినట్లు' అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చినవో! ఏ గ్రంథంలో, ఏ సందర్భంలో, ఎవరి అనువాదంలో అన్నది ఎన్నిసార్లు వచ్చింది? అధోజ్ఞాపికలు పండితుల ఆడంబరమనీ, ప్రజలకు రాసేవానికి అవి అక్కరలేదనీ కొందరు మిత్రులు వాదిస్తారు. నాకు దీనికి విరుద్ధంగా తోస్తున్నది. నా మాట నమ్మండి అనేది గురుపీఠం భాష. ఇదిగో నేను చూసిన చోటు, మీరూ పోయి చూడండి అనేది సమానుల భాష. ప్రజలను గౌరవించేవాడు రెండవ భాషలో మాట్లాడాలి.

అయితే ఆ 'చోటు' గ్రంథం కాక మనిషి అయినప్పుడు ఏమి చేయాలి? 1992లో నెల్లూరు జిల్లా పల్లెలలో ఆడవాళ్లు సారా దుకాణాలను మూయించినారు. తీరానికి లోపలగా, మెట్టలో, కలిగిరి మండలం దూబగుంట పేరు దేశమంతా మోగింది. రోశమ్మ పేరు పత్రికలకు ఎక్కింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఈ ఉద్యమం మీద నివేదికలు, వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు చాలా వచ్చినవి. హైదరాబాదు 'అన్వేషి' బృందం నెల్లూరు పల్లెటూరి స్త్రీల పోరాటం మీద రాసిన వ్యాసం 1993లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయినది. సూసీ తారు, తేజస్విని నిరంజన కలిసి 1990లలో రాసిన ప్రసిద్ధ వ్యాసం, ఈ స్త్రీలను ఒక్కొక్కరు తమ తమ సిద్ధాంతానికి తగినట్లు ఎలా చిత్రించుకున్నారో పరీక్షించింది.

అక్షరాస్యతా తరగతుల వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం చదివి స్త్రీలు కదిలినారన్నది అందరూ రాసే మాట. రాసినవారిలో ఆ వాచకాన్ని చేతబట్టి, ఏ ముద్రణ, ఏ పుట అని చూపినవారెందరు? పాఠమే కారణమా, ఏళ్లుగా కాగుతున్న కడుపుమంటకు పాఠం ఒక సందు చూపిందా అన్నది చిన్న తేడా కాదు. మొదటిదాని ప్రకారం చదువు చెప్పినవారు ఉద్యమాన్ని పుట్టించినారు. రెండవదాని ప్రకారం ఆ ఆడవాళ్లే పుట్టించుకున్నారు. కథ ఎవరి నోట విన్నామన్న దాని మీద ఉద్యమ కర్తృత్వం ఎవరిదో తేలిపోతున్నది. అధికారి నివేదికకు సంఖ్య ఉన్నది, తేదీ ఉన్నది, కనుక అది ఆధారం. అరుగు మీద కూర్చున్న స్త్రీ మాటకు అవి లేవు, కనుక అది 'క్షేత్ర పరిశీలనలో తెలిసింది' అనే కర్మణి ప్రయోగంలో కరిగిపోతుంది. తెలిసింది సరే, ఎవరు చెప్పగా తెలిసింది?

పులికాట్ సరస్సు దగ్గర మత్స్యకారులు వేటకు వంతులు పంచుకునే 'పాడు' పద్ధతి దీనికి మరో పార్శ్వం. తరతరాలుగా వారికి వారే నడుపుకుంటున్న ఏర్పాటు అది. సరస్సు తమిళనాడు వైపు పద్ధతి మీద సెబాస్టియన్ మాథ్యూ చేసిన అధ్యయనాన్ని ఎఫ్.ఏ.ఓ. 1991లో ప్రచురించింది. అది మంచి ఆధారమే, అది చూసిన గ్రామాల మేరకు. ఆంధ్ర వైపు గ్రామాల మీద రాసే విద్యార్థి దానినే ఎత్తి చూపి ఊరుకుంటే, తన ఎదుట వల బాగుచేసుకుంటూ కూర్చున్న మనిషి కంటె తాను చూడని ఊరి మీది ఆంగ్ల పుస్తకాన్ని ఎక్కువ నమ్మినాడన్నమాట. చెప్పినవాని పేరు, ఊరు, తేదీ, అతని మాట అతని యాసలోనే, అతని సమ్మతితో — ఇవి అధోజ్ఞాపికలో ఉండాలి. పేరు చెబితే ప్రమాదం ఉన్నచోట, కారణం చెప్పి పేరు మూయాలి. సారా కాంట్రాక్టరుకు ఎదురు నిలిచిన మనిషి పేరు వేయడం ఒకనాడు ఆమెకు హానికరం కావచ్చు. ఇంకొకనాడు ఆ పేరు వేయకపోవడమే ఆమెకు అన్యాయం కావచ్చు. ఎప్పుడు ఏది అన్నది ఆమెనే అడగాలి, పర్యవేక్షకుని కాదు.

ఇక్కడ విశ్వవిద్యాలయం చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నది. గట్టి అట్టతో కట్టిన సిద్ధాంత వ్యాసం ప్రతులను గ్రంథాలయం పుచ్చుకుంటుంది. మెత్తని ప్రతి శోధగంగకు పోతుంది. ఆ వ్యాసానికి మూలమైన గొంతులను పుచ్చుకొనే బీరువా ఎక్కడా నాకు కనబడలేదు. కొమ్మువాడు పాడిన రాత్రి, మెట్ట పల్లె ఆడవాళ్లు మాట్లాడిన మధ్యాహ్నం, సరస్సు గట్టున వంతుల లెక్క చెప్పిన ముసలాయన — ఇవన్నీ విద్యార్థి చేతి ఫోనులో ఉంటవి. మౌఖిక పరీక్ష అయిపోతుంది. పట్టం వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఫోను నిండిపోయిందని చెరిపివేయడమో, కొత్తది కొనడమో జరుగుతుంది. ఆ తరువాత ఆ అధోజ్ఞాపికను పట్టుకొని మూలాన్ని వెదుకుతూ బయలుదేరినవాడికి ఆ ముసలాయన బతికి ఉంటే సరి.